ట్రంకుపెట్టెలో నాటకం: దాచడం ఒకటి, దొరకడం ఇంకొకటి

పోయిన ఎండాకాలం ఇంటికి వెల్ల వేయిద్దామని అటక మీద సామాన్లన్నీ దించితే మా చిన్నతాత ట్రంకుపెట్టె బయటపడింది. చిన్నతాతంటే మా తాత తమ్ముడు, హార్మోనిస్టు, చిత్తూరు చుట్టుపక్కల ఏ పల్లెలో నాటకం ఉన్నా సైకిలు క్యారియర్‌కి హార్మోనియం కట్టుకుని పోయేవాడంట, తెల్లారాక ఎర్రటి కళ్లేసుకుని అదే సైకిలు మీద వచ్చేవాడని మా జేజి చెప్పేది. పెట్టె తెరిస్తే ముందు కలరా ఉండల వాసన, తర్వాత బొద్దింకలు, ఆ తర్వాత అసలు సరుకు. నలభై క్యాసెట్లు, ఒక పాత స్పూలు టేపు, రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుపోయిన నాటకం నోటీసుల కట్ట, చేత్తో రాసిన పోర్షన్ల నోటుబుక్కులు, కొన్ని ఫోటోలు, రాళ్లు సగం ఊడిపోయిన అట్ట కిరీటం ఒకటి. మా ఆవిడ చూసి "పాత పేపర్లాయన రేపొస్తాడు, కిలో లెక్కన తీసుకుంటాడు" అనింది. తప్పు ఆమెది కాదు, ఆ వాలకం చూస్తే ఎవరైనా అదే అంటారు.

నాకు తిరుపతిలో చిన్న డీటీపీ, జిరాక్సు షాపు ఉంది, ఇరవై ఏళ్లుగా కాగితాలతోనే బతుకు, అందుకని ఇదేముంది స్కాన్ చేసి డ్రైవ్‌లో పడేస్తే అయిపోతుంది కదా అనుకున్నా. ఆర్నెల్లు దాంతో కుస్తీ పట్టాక తెలిసిందేందంటే ఈ మొత్తం పనిలో స్కానింగే సులువైంది, అసలు చిక్కంతా దానికి ముందూ వెనకా ఉంది. నాటకాలని భద్రపరచాలి, ఆర్కైవ్ (పాత రికార్డుల భాండాగారం) పెట్టాలి అని ప్రతి ఏప్రిల్ 16న, అదే కందుకూరి పుట్టినరోజున తెలుగు నాటకరంగ దినోత్సవం సభల్లో మైకులో చెప్తూనే ఉంటారు, కానీ ఏం భద్రపరచాలి, దేన్ని ముందు, ఎవరికోసం అనే మాట దగ్గరికొచ్చేసరికి భోజనాల టైమైపోతుంది.

పుస్తకాన్ని దాచామంటే పుస్తకం మొత్తం మన చేతిలో ఉన్నట్టే. నాటకం అట్లా కాదు, తెల్లారి తెర దించాక అది ఇంక లేదు, మిగిలేవన్నీ దాని తాలూకు ముక్కలు. నోటీసుకి తేదీ తెలుసు గానీ పాట తెలీదు. క్యాసెట్‌కి పాట తెలుసు గానీ ఎవరు పాడారో, ఏ ఊళ్లో పాడారో తెలీదు. ఫోటోలో ముఖం ఉంటుంది, పేరుండదు. నాగయ్యనే తీసుకోండి, ఆయన పేరు ముందు చిత్తూరు వచ్చి చేరిందే ఇక్కడి నాటకాల వల్ల, సినిమాల్లో ఆయన గొంతు ఇప్పటికీ వినొచ్చు, మరి ఆ పేరు తెచ్చిపెట్టిన స్టేజీ మీద ఎట్లా నిలబడ్డాడు, పద్యం ఎక్కడ ఎత్తుకున్నాడు, జనం ఎక్కడ వన్స్‌మోర్ కొట్టారు అంటే యాడ వెతుకుతాం? ఆయన పేరు మీద చిత్తూరులో కళాక్షేత్రమైతే ఉంది.

ఇదంతా మనకి కొత్త సమస్యేం కాదు, కొండమీదే ఒకసారి జరిగింది. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు, 32 వేల సంకీర్తనలు రాశాడంటారు, ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లోనే తాళ్లపాక అర అనే చిన్న గదిలో పెట్టారు. రాగి అంటే చెదలు పట్టదు, తడికి కుళ్లదు, దేవుడి గుడికన్నా భద్రమైన చోటు లేదు, అంటే ఆ రోజుల్లో చేయగలిగిన భద్రత అంతా చేశారు. రేకులు పాడవలేదు, కానీ మూడు నాలుగు వందల ఏళ్లు వాటి వైపు చూసినోళ్లు దాదాపు లేరు, 20వ శతాబ్దం మొదట్లో బయటికి తీసి చదివి అచ్చేసేదాకా. దొరికినవి 14 వేల దాకా. అసలు దెబ్బ ఇంకోటుంది. రేకు మీద పాట ఉంది, పైన రాగం పేరుంది, బాణీ లేదు, ఎందుకంటే బాణీ రాసుకునేది కాదు, గొంతు నుంచి గొంతుకి పోయేది, మధ్యలో ఆ గొంతులు ఆగిపోయాయి. ఇప్పుడు మనం పొద్దున్నే వింటున్నవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కట్టిన బాణీలు. గొప్ప బాణీలు, నాకూ ప్రాణమే, కానీ అన్నమయ్య పాడుకున్నది అదే అని ఎవరూ చెప్పలేరు.

పద్యనాటకానికి ఇప్పుడు సరిగ్గా అదే గతి పడుతోంది. పుస్తకాలు అచ్చులో ఉన్నాయి, నెట్‌లో స్కాన్లు కూడా దొరుకుతాయి, పద్యం పోదు. ఆ పద్యాన్ని మా చిత్తూరు పక్క ఎట్లా తీసేవాళ్లు, ఆంధ్రా పక్క ఎట్లా తీసేవాళ్లు, ఏ రాగంలో మొదలుపెట్టి ఎక్కడ విరిచేవాళ్లు అనేదే పోతుంది.

నోటీసుల సంగతి చెప్తా, అవి చూస్తే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఒకదాని మీద మార్చి 14 శనివారం రాత్రి 9 గంటలకు అని కొట్టొచ్చినట్టు ఉంది, నాటకం పేరుంది, ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని ఉంది (ఒకే పాత్రని సీన్ల వారీగా ఇద్దరు పంచుకునేవాళ్లు), పౌడర్లు కిరీటాలు సప్లై చేసిన డ్రెస్ కంపెనీ పేరు కూడా ఉంది, ఏ సంవత్సరమో మాత్రం లేదు. ఎందుకుంటుంది, వచ్చే వారం నాటకానికి ఈ వారం పంచే కాగితంలో సంవత్సరం ఎవడు వేస్తాడు. నేను కూడా నా షాపులో కరపత్రాలు ఇట్లానే కొట్టిస్తా, ఎప్పుడూ ఏడాది వేయలేదు, ఇప్పుడు సిగ్గేస్తోంది.

అప్పుడు లెక్క మొదలెట్టా. మార్చి 14 శనివారం పడిన ఏళ్లు చూస్తే 1936, 1942, 1953, 1959, 1964, 1970 ఉన్నాయి. టిక్కెట్టు చూస్తే కుర్చీ రూపాయి, బెంచీ 8 అణాలు, నేల 4 అణాలు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, తర్వాత కూడా జనం నోట్లో అణాలు చానా రోజులు ఆడాయి గానీ అచ్చులో వేశారంటే అంతకు ముందుదే అయ్యుండాలి, అంటే మూడేళ్లు మిగిలాయి. అడుగున మైకు, కరెంటు దీపాల ఏర్పాటు కలదు అని ఉంది, ఆ ఊరికి 1942లో కరెంటుందా అని పెద్దోళ్లని అడిగితే నవ్వారు. కాబట్టి 1953. ఆ ఏడాది మార్చికి మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది అక్టోబరు 1న. నందన నామ సంవత్సరం అని ఒక్క మాట వేసుంటే ఇంత తలనొప్పి ఉండేది కాదు, అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చినా 1952-53 కి 2012-13 కి తేడా కాగితం చూస్తేనే తెలిసిపోతుంది.

ఇట్లా తేదీ పట్టుకోవడాన్ని ఆర్కైవుల్లో పెద్ద పేరుతో పిలుస్తారు గానీ మన భాషలో చెప్పాలంటే వివరం చీటీ రాయడం, అంతే. ఏంది, ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది, ఈ మాట నాకు ఎట్లా తెలుసు. ఆ చివరి ముక్క చానామంది రాయరు. నేను 1953 అని రాసేసి ఊరుకుంటే రేపు ఎవరైనా అది అచ్చులో ఉందనుకుంటారు, నా ఊహ అని తెలియాలి కదా, అందుకే పక్కనే "వారం, అణాలు, కరెంటు బట్టి లెక్క" అని రాసి పెట్టా.

ఇంక పోర్షన్లు. తెలియనోళ్లకి చెప్తున్నా, పోర్షన్ అంటే ఒక్క పాత్ర మాటలూ పద్యాలూ మాత్రమే రాసుకున్న నోటుబుక్కు, ఎదుటివాడి డైలాగులో ఆఖరి ముక్క మాత్రం ఉంటుంది, ఎక్కడ అందుకోవాలో తెలియడానికి. చిన్నతాత హార్మోనిస్టు కాబట్టి ఆయన బుక్కులో పద్యం పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో రాగం పేరు, శ్రుతి అంకె, అంటే ఏ ఎత్తులో పాడాలో చెప్పే హార్మోనియం లెక్క. ఒక పేజీలో కృష్ణుడి పద్యం పక్కన "5" అని కొట్టేసి "3 గం. దాటితే నాలుగున్నర" అని ఉంది. అంటే రాత్రంతా పాడి పాడి తెల్లవారుజాము మూడింటికి ఆ నటుడి గొంతు దిగిపోతుంది, అర శ్రుతి తగ్గించి వాయించాలి, అది ఆయనకి ఆయన రాసుకున్న గుర్తు. ఏ నాటక చరిత్ర పుస్తకంలోనూ ఈ ముక్క ఉండదు.

అయితే ఆ పెన్సిలు అంకె వల్ల ఇంకో పెద్ద లాభం కలిసొచ్చింది. అదే నటుడి క్యాసెట్ ఒకటి పెట్టి వింటే పద్యం ఐదున్నర శ్రుతిలో వినపడుతోంది, గొంతు కూడా కొంచెం చిన్నపిల్లాడి గొంతులా పీలగా ఉంది. హార్మోనియం కొద్దిగా అటూ ఇటూ ఉన్నా అర శ్రుతి తేడా ఉండదు. మరేందంటే రికార్డు చేసిన రోజు టేప్‌రికార్డరు బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, మోటారు నిదానంగా తిరిగింది, ఇప్పుడు మనం మామూలు స్పీడులో పెడితే పాట పరిగెత్తుతోంది, శ్రుతి ఎక్కింది. కాపీలో స్పీడు ఆరు శాతం దాకా తగ్గిస్తే ఐదుకొచ్చి కూర్చుంది, గొంతు మనిషి గొంతైంది. నోటుబుక్కుని ఎవరో ఒకరు తీసుకెళ్లి, క్యాసెట్లు ఇంకొకరు తీసుకెళ్లి ఉంటే ఈ విషయం ఎప్పటికీ తేలేది కాదు. అందుకే ఒక పెట్టెలో దొరికినవి విడదీయొద్దు, ఏ వరసలో ఉన్నాయో ముందు ఫోటో తీసుకుని తర్వాతే కదపండి అని పదే పదే చెప్తారు. నేను ఫోటో తీయకముందే సగం కదిపేశా, ఏం చేస్తాం.

గ్రామఫోను రికార్డులు ఉన్నాయి కదా, పాతకాలం నటుల గొంతులు అందులో ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, కానీ అందులో ఒక మోసం ఉంది. 10 అంగుళాల 78 ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు, ఒక పక్క మూడు నిమిషాలే పడుతుంది. స్టేజీ మీద పావుగంట రాగం తీసే మనిషిని మూడు నిమిషాల్లో పద్యం ముగించమంటే ఏం చేస్తాడు, ఆలాపన కోసేస్తాడు, పరుగు పెడతాడు, పైగా వన్స్‌మోర్ కొట్టేవాడు ఎదురుగా లేడు. కాబట్టి ప్లేటు మీద విన్నదే ఆ కాలం నాటకం పద్ధతి అనుకుంటే పొరపాటు. పల్లెల్లో ఎవరో స్టేజీ పక్కన బల్ల మీద పెట్టి రికార్డు చేసిన క్యాసెట్ గరగరలాడుతుంది, మధ్యలో పిల్లోడి ఏడుపు, బఠాణీలమ్మేవాడి కేక, 45 నిమిషాలకి పక్క తిప్పేటప్పుడు పద్యం సగంలో టక్కున తెగిపోతుంది, అయినా నాటకం అందులోనే ఎక్కువ ఉంది. నా ఓటు క్యాసెట్‌కే. ఇంకో సంగతి, 78 ప్లేట్లని ఇప్పటి ఎల్పీ సూదితో ఆడించకూడదు, గాడి వెడల్పు వేరు, లావు సూది కావాలి, లేకపోతే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది.

అందుకే ముందు దేన్ని కాపాడాలంటే అయస్కాంత టేపుని, కాగితాన్ని కాదు. కాగితం చూడ్డానికి అధ్వానంగా ఉన్నా ఇంకో ఇరవై ఏళ్లు ఆగుతుంది. టేపు అట్లా కాదు, అయస్కాంత పొడిని ప్లాస్టిక్ ఫిల్ముకి అంటించిన జిగురు తేమ పీల్చి మెత్తబడుతుంది, బూజు పడుతుంది, అంతకన్నా ముందు దాన్ని ఆడించే మిషన్లు, బాగుచేసే మనుషులు పోతున్నారు. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ వాళ్లు 2015లోనే 2025 లోపల డిజిటల్ చేయని టేపుల మీద ఆశ వదులుకోవాల్సిందే అని హెచ్చరించారు. మన అటక మీద అయితే ఆ గడువు ఇంకా ముందే వచ్చేసి ఉంటుంది, మే నెలలో తిరుపతి అటక అంటే పొయ్యి మీద పెనం. ఇంట్లో నడిమి గదిలో బీరువా కింది అర నయం, గోడకి ఆనకుండా, వంటింటికి బాత్రూముకి దూరంగా. స్పూలు టేపు అయితే మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ టేపు కుళ్లుతోందని లెక్క, మిగతా వాటి నుంచి వేరు చేసేయాలి, దాన్ని ఇంట్లో ఆడించే ప్రయత్నం కూడా చేయొద్దు.

క్యాసెట్ల పని మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు, నేను చేసిందే చెప్తా. ముందు వెనకాల ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు రెండూ విరిచేయాలి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోకుండా. ఏళ్ల తరబడి కదలనిది కాబట్టి ఒకసారి మొత్తం ముందుకి, మళ్లీ వెనక్కి చుట్టాలి. లోపల స్పంజు ముక్క ఊడిపోయి ఉంటే స్క్రూలు తీసి టేపుని ఇంకో మంచి డబ్బాలోకి మార్చాలి, చేతులు వణక్కూడదు, నాకు మొదటిది పాడైంది. డెక్ హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, ఆ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పుతూ గొంతు ఎక్కడ స్పష్టంగా వస్తుందో అక్కడ ఆపాలి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే యూఎస్‌బీ ప్లేయర్లు వద్దు, పాత మంచి డెక్ ఒకటి సంపాదించి లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి ఇవ్వాలి, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఫ్రీనే. ఎంపీత్రీ కాదు, వేవ్ ఫైలు. సౌండ్ ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటుంది, 96 అయితే ఇంకా మంచిది. 48 అయితే గంటకి ఒక జీబీ, నా నలభై క్యాసెట్లూ తొంభై నిమిషాలవే అనుకున్నా అరవై జీబీ, ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది, అంటే ఖర్చు స్టోరేజీది కాదు, కూర్చునే టైముది. గంట టేపుకి గంట కూర్చోవాల్సిందే, ఫాస్ట్‌ఫార్వర్డ్ లేదు. గరగర తీసేసే ఫిల్టర్లు అసలు ఫైలు మీద వేయొద్దు, వినడానికి చేసుకున్న కాపీ మీద వేసుకోండి, ఎందుకంటే ఆ ఫిల్టరు గరగరతో పాటు హార్మోనియం పై స్వరాలని కూడా మింగేస్తుంది.

మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల స్టోరేజీల మీద, ఒకటి వేరే ఊళ్లో. నాది ఒకటి మా చెల్లెలింట్లో మదనపల్లెలో ఉంది. యూట్యూబ్‌లో పెట్టేశాం కదా అనేవాళ్లకి ఒక్కటే చెప్తా, అది జనం వినడానికి, దాచడానికి కాదు. ఖాతా పోతే అన్నీ పోతాయి, పైగా మనం పెట్టిన ఫైలుని అది కుదించే పెట్టుకుంటుంది. ఫోటోలు వాట్సాప్‌లో పంపించుకోవడం కూడా అంతే, వెనక్కి తీసుకునేది నీడే.

కాగితం విషయంలో నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లుగా నా షాపులో జనం తెచ్చిన పాత ఫోటోలు, సన్మాన పత్రాలు, నాటకం సర్టిఫికెట్లు వందల కొద్దీ లామినేషన్ చేశా, భద్రంగా ఉంటుందండీ అని నేనే చెప్పి మరీ. వేడి రోలరులోంచి పోయేటప్పుడు జిగురు కరిగి కాగితంలోకి దిగుతుంది, ఇంక దాన్ని ఎవరూ విడదీయలేరు, కాగితంలో ఉన్న ఆమ్లం లోపలే ఉండి పసుపు తిప్పుతూనే ఉంటుంది, మనం బయటి నుంచి గాజుపెట్టెలో శవాన్ని చూసినట్టు చూస్తూ కూర్చోవాలి. సెల్లోటేపు కూడా అంతే. స్టేపుల్ పిన్నులు, గుండుసూదులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. మంచి కవరు దొరక్కపోతే తెల్ల కాగితంతో మడత వేసి ఉంచడమే ప్లాస్టిక్ కంటే నయం. ఫోటోలకి ముందు వెనక రెండు పక్కలా స్కాన్ తీయాలి, వెనకాలే కదా స్టూడియో ముద్ర ఉండేది, ఊరు దాన్ని బట్టే తెలుస్తుంది. కిరీటాన్ని నాలుగు పక్కల నుంచి ఫోటో తీసి అట్టపెట్టెలో పెట్టా, తుడవలేదు, ఆ రంగు మరక ఎవరి నుదుటిదో కదా.

ఇంటి పెట్టె సరే, బయట ఏమున్నాయి, ఎవరి దగ్గరున్నాయి అంటే అది ఇంకో కథ. మన నాటకాలకి మొట్టమొదటి ఆర్కైవు కట్టింది తెల్లదొరలు, అదీ ప్రేమతో కాదు. 1867 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకమూ సర్కారుకి ఇవ్వాల్సి వచ్చేది, దాని జాబితా మూణ్ణెల్లకోసారి వేసేవాళ్లు, అట్లా పోయిన తెలుగు నాటకాలే ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1876లో నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది, రాజద్రోహం ఉందనుకుంటే నాటకాన్ని ఆపించడానికి, ఆ అనుమానంతో రాసుకున్న ఫైళ్లే ఈ రోజు చరిత్రకారులకి అన్నం పెడుతున్నాయి. ఆ చట్టాన్ని పూర్తిగా ఎత్తేసింది 2018లో.

చిత్తూరు వాళ్లకి తలనొప్పి ఇంకాస్త ఎక్కువ. మన జిల్లా 1911లో ఏర్పడింది, 1953 దాకా మద్రాసు పాలన, కాబట్టి ఆ కాలం సర్కారు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, పుస్తకాలు కన్నెమరా లైబ్రరీలో వెతకాలి. 1956 తర్వాతవి హైదరాబాదు దారి పట్టాయి, 2014లో రాష్ట్రం చీలాక ఏ సంస్థ ఎవరిదో అనే తగువు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండింది, ఇప్పుడు తమిళనాడు, అక్కడ ఆడిన తెలుగు నాటకాల్ని ఎవరి లెక్కలో రాస్తారు? 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది, కాబట్టి కొత్తగా రాసే కేటలాగులో ఊరి పేరుతో పాటు అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయకపోతే వెతికేవాడు గుడ్డివాడే. ఢిల్లీలో 1953లో ప్రారంభమైన సంగీత నాటక అకాడమీ దగ్గర రికార్డింగుల భాండాగారం ఉంది. వీటన్నిటికన్నా నాకు నచ్చింది చెన్నైలోని రోజా ముత్తయ్య లైబ్రరీ, ఒకే ఒక్క మనిషి, కోట్టైయూరులో సొంతంగా పోగేసిన పుస్తకాలు, నాటకం పాటల పుస్తకాలు, నోటీసులు, ఆయన పోయాక చికాగో యూనివర్సిటీ కొని ఇక్కడే ఉంచి 1994లో లైబ్రరీగా నిలబెట్టింది. నోటీసు కూడా చరిత్రేనని వాళ్లు చూపించారు. తెలుగు నాటకం నోటీసులకి అట్లాంటి చోటు ఒకటి రాయలసీమలో ఉంటే నా కట్ట అక్కడికే పోయేది.

నేను ఒక లైబ్రరీకి పోయా, ఊరు పేరు చెప్పను. పాత నాటకాల సీడీలు ఉన్నాయని తెలుసు. ఉన్నాయి సార్, కానీ కేటలాగ్ చూసే మేడం ట్రాన్స్‌ఫరయ్యారు, బీరువా తాళం ఆమె దగ్గరే, మీరు లెటర్ పెట్టండి అన్నారు. లెటర్ పెట్టా. తాళ్లపాక అరే గుర్తొచ్చింది, మనవాళ్లకి తాళం వేయడంలో ఉన్న శ్రద్ధ చీటీ రాయడంలో ఉండదు. నిజానికి జనానికి అందుబాటు అంటే ముందు ఫైలు కాదు, జాబితా. ఏమున్నాయో తెలిస్తే కదా అడిగేది. రికార్డింగు ఇవ్వలేకపోయినా సరే, పేర్లు తేదీలు ఉన్న ఎక్సెల్ షీటు ఒకటి నెట్‌లో పెడితే సగం పని అయిపోతుంది.

ఆ జాబితా కూడా యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో ఉండాలి, ఇది నా వృత్తి బాధ కాబట్టి కాస్త ఓపిక పట్టండి. 1990ల నుంచి నిన్నమొన్నటిదాకా పరిషత్తుల సావనీర్లు, సన్మాన సంచికలు అన్నీ పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో చేశాం. తెర మీద తెలుగులా కనపడుతుంది, లోపల కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల చెత్త, వెతికితే ఒక్క పేరూ దొరకదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, కూర్చుని దిద్దాలి. నా దగ్గరే అట్లాంటి ఫైళ్లు పాత సీడీల్లో బోలెడు, సగం సీడీలు ఇప్పుడు చదవడం లేదు. ఇంకోటి పేర్లు. ఒకే నటుడు ఒక నోటీసులో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ఊరిపేరుతో, మూడోదాంట్లో బిరుదుతో ఉంటాడు, ముగ్గురూ ఒకడేనని ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

హక్కుల దగ్గర చానామంది ఆగిపోతారు, భయపడాల్సినంత లేదు గానీ చూసుకోవాలి. మన కాపీరైటు చట్టంలో రాసినవాడు పోయాక 60 ఏళ్లు, ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవాడి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవులనే చూడండి, అన్నట్టు వాళ్లకీ మన ఊరికీ సంబంధం లేదు, దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కలిస్తే ఆ పేరు. చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, కాబట్టి 2010తో వాళ్ల పాండవోద్యోగ విజయాలు నాటకాల మీద హక్కు అయిపోయింది, ఎవరైనా పెట్టుకోవచ్చు. రికార్డు కంపెనీ ప్లేటుకి విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు. నటుడికి, పాడినవాడికి వేరే హక్కుంది, 50 ఏళ్లు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న దాన్ని భద్రత కోసం డిజిటల్ చేసుకోవచ్చని 2012 సవరణలో ఉంది, కాబట్టి కాపీరైటు అడ్డమండీ అని లైబ్రరీ వాళ్లంటే అది దాచడానికి అడ్డం కాదు, నెట్‌లో పెట్టడానికే ఆలోచించాలి.

చట్టం ఒకెత్తు, మర్యాద ఒకెత్తు. మా పక్క పల్లెల్లో భారతం తిరునాళ్లు ఉంటాయి, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడి వేషగాడు తపసుమాను (తపస్సు సీను కోసం నిలబెట్టిన పొడవాటి మాను) ఎక్కుతాడు, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం. దాన్ని ఎవడో డ్రోనుతో తీసి ఛానెల్లో పెట్టి డబ్బులు చేసుకుంటాడు, మాను ఎక్కిన మనిషికి ఆ వీడియో ఉందని కూడా తెలీదు. తిరుపతి గంగజాతరలో మాతంగి వేషం, దొర వేషం ఉన్నాయంటే అవి వేషాలే కాదు, మొక్కుబడులు, కొన్ని కుటుంబాలకి తరతరాలుగా వస్తున్న బాధ్యతలు. వీధిలో అందరూ చూసేది వేరు, లోపల వేషం కట్టేటప్పుడు జరిగేది వేరు, రెండోదాన్ని రికార్డు చేసినా ఎవరు చూడొచ్చు అనేది ఆ ఇంటివాళ్లు చెప్పాలి. అందుబాటు అంటే అన్నీ అందరికీ అని కాదని నాకు అక్కడే తెలిసింది. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే కూడా ఒక కాగితం రాసుకోండి, ఏమేం ఇచ్చారో వరసగా, ఎవరు వాడుకోవచ్చో, డిజిటల్ కాపీ మీకు ఎన్నాళ్లలో ఇస్తారో. నోటిమాట మీద ఇచ్చిన ట్రంకుపెట్టెలు ఎన్ని ఎక్కడికి పోయాయో.

ఇంక మిగిలింది మనుషులు, వీళ్లని మొదటే చెప్పాల్సింది. చిన్నతాతతో కలిసి తబలా వాయించిన పెద్దాయన ఒకరు పుత్తూరు దగ్గర పల్లెలో ఉన్నారు, ఎనభై దాటాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని పోయా. ఫోను రికార్డింగులో పెట్టి, ఫోటోలు ఒక్కోటీ చూపించి, ఎడమ నుంచి కుడికి పేర్లు చెప్పమన్నా, వెనక నిలబడ్డ కరెంటు పనివాడితో సహా చెప్పాడు. తర్వాత క్యాసెట్ పెట్టా, పైన చిన్నతాత చేతిరాతతో ఒకటో కృష్ణుడి పేరే ఉంది. రెండు పద్యాలు విని చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇది ఆయన గొంతు కాదబ్బాయ్. ఆ రాత్రి ఆయనకి జ్వరం, పొద్దుపోయాక రెండో కృష్ణుడే రెండు సీన్లూ లాగేశాడు. నోటీసులో పేరుంది కదాని మీ చిన్నతాత అట్లనే రాసేసుంటాడు."

చీటీ మార్చా. పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాశా. నోటీసు, క్యాసెట్ మీద చేతిరాత రెండూ ఒకే మాట చెప్తున్నాయి, రెండూ తప్పే. ఆ రోజుకి తొమ్మిది క్యాసెట్లు అయ్యాయి, అప్పటికే ఆయన అలిసిపోయాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టి తంటాలు పడుతున్నాడు. ఇంకా ముప్పై ఒకటున్నాయి. వచ్చే ఆదివారం రమ్మన్నాడు, వచ్చేటప్పుడు తిరుపతిలో చెవి మిషనుకి బ్యాటరీలు తెమ్మన్నాడు, 13 నంబరువి.